భ్రమరాంబ మేడమ్ సరిచూసిన జవాబు

పిల్ల తప్పుగా అర్థం చేసుకుందని చెప్పాలట. అంతే, ఒక్క మాట. ఆ మాట కూడా తనది కాదు, కంపెనీ వకీలు బెంగుళూరులో కూర్చుని రాసి పంపిస్తాడట, అది మేనేజర్ వెంకట్ ఫోన్‌కి వస్తుందట, వచ్చాక తనకి చూపిస్తాడట, తను దాన్ని నెమ్మదిగా, టీచరమ్మ గొంతుతో, అద్దానికి అవతల సోఫాలో కూర్చున్న ఆ మనిషికి వినిపించాలట. "మీరు చెప్తే ఆయన వింటాడు మేడమ్, మీ ముఖంలో ఓ అమ్మతనం ఉంటుంది. వాళ్ళ దగ్గర్నుంచి మెసేజ్ వచ్చేదాకా ఇక్కడే కూర్చోండి, ఆయనతో మాత్రం మాట కలపకండి," అని వెంకట్ ఆమెను ఈ చిన్న అద్దాల గదిలో కూర్చోబెట్టి వెళ్ళాడు. అమ్మతనం. నీ అమ్మతనం తగలెయ్య. ఏసీ సరిగ్గా మెడ మీదికి కొడుతోంది. భ్రమరాంబ చీర కొంగు భుజాల చుట్టూ లాక్కుంది. నిన్న మొన్నటిదాకా ఇదే వెంకట్ తన కుర్చీ పక్కనుంచి పోతూ కనీసం తల తిప్పేవాడు కాదు, పుట్టినరోజు కేకు కోసినప్పుడు తప్ప పేరు పెట్టి పిలిచేవాడు కాదు, ఇవాళ మాత్రం తలుపు తీసి పట్టుకున్నాడు, మంచినీళ్ళు తెచ్చి పెట్టాడు. ఆ నీళ్ళు ఆమె ముట్టుకోలేదు.

అద్దానికి అవతల మనిషి కదలడం లేదు. పేరు లింగమూర్తి అని పొద్దున్నే చెప్పారు, బాలానగర్‌లో లేత్ మిషన్ మీద పనిచేస్తాడని కూడా చెప్పారు, ఆ చెప్పడంలో ఒక ధైర్యం ఉంది వాళ్ళకి, పెద్దగా ఏమీ చెయ్యలేడులే అన్న ధైర్యం. నీలం చొక్కా, మోకాళ్ళ మీద రెండు చేతులు, మెత్తటి సోఫాలో కూడా బస్టాండ్ బల్ల మీద కూర్చున్నట్టు నిటారుగా. రిసెప్షన్‌లో అమ్మాయి అతనికి కాఫీ కావాలా అని అడిగినట్టుంది, అతను తల అడ్డంగా తిప్పాడు. అతని కూతురు తేజస్విని పదో తరగతి. పోయిన వారం ఆ పిల్ల తండ్రి ఫోన్ తీసుకుని, ఈ కంపెనీ యాప్ తెరిచి, సైన్సు హోంవర్కులోని ప్రశ్న కొట్టింది: పొడిసున్నానికి నీరు కలిపినప్పుడు పాత్ర ఎందుకు వేడెక్కుతుంది? జవాబు వచ్చింది. పొడిసున్నం నీటితో చర్య జరిపి తడిసున్నంగా మారుతుంది, ఈ చర్యలో ఉష్ణం వెలువడుతుంది, దీనిని ఉష్ణమోచక చర్య అంటారు. అక్కడ ఆగితే ఏ గొడవా ఉండకపోను. కింద ఇంకో ముక్క ఉంది: పిల్లలూ, దీన్ని మీరే ఇంట్లో చేసి చూడండి, ఒక సీసాలో సున్నం వేసి నీళ్ళు పోసి మూత బిగించండి, లోపల జరిగే మార్పును దగ్గరగా గమనించండి. గోడలకు వెయ్యాలని తండ్రి తెచ్చి పెట్టిన సున్నపు రాళ్ళు ఇంట్లోనే ఉన్నాయి. పిల్ల దగ్గరగానే గమనించింది. సీసా పేలి ఉడుకుతున్న సున్నం ముఖాన పడింది. ఎడమ కన్ను బాగానే ఉందట, కుడి కన్ను సంగతి డాక్టర్లు ఇంకా చెప్పలేమంటున్నారట.

చెప్పలేమంటున్నారు. డాక్టర్లకి ఆ సౌకర్యం ఉంది. తనకి ఏనాడూ లేదు, ప్రశ్న వస్తే జవాబు చెప్పాల్సిందే, అడిగింది ఎవరో, ఏ ఊళ్ళో కూర్చుని అడుగుతున్నారో తెలియకుండానే చెప్పాల్సిందే. వాతావరణానికీ శీతోష్ణస్థితికీ తేడా రాయుము. దక్కను పీఠభూమి గురించి వివరింపుము. నగరాలలో వరదలకు కారణాలేవి? ఏవా? ఈ కిటికీలోంచి చూడు నాయనా కనబడతాయి, నీళ్ళు నిలిచే పల్లంలో మట్టి పోసి మేడ లేపిన వాడూ, ఆ మేడలో అద్దెకి దిగి నీకు జవాబులు అమ్మే మేమూ. కాని అలా రాస్తే మార్కులు రావు. డ్రైనేజీ లోపం, అడవుల నరికివేత, ప్రజలలో అవగాహన లేకపోవడం అని రాయాలి. అవగాహన లేకపోవడం అనేది ఏ ప్రశ్నకైనా పనికొస్తుంది. ఆ వకీలు కూడా ఇప్పుడు అదే మాట వెతుకుతూ ఉంటాడు, ఇంకాస్త పెద్ద మాటల్లో. పిల్లకి అవగాహన లేదు, పిల్ల తండ్రికి లేదు, లేత్ మిషన్ తిప్పేవాడికి ఎక్కడినుంచి వస్తుంది.

భ్రమరాంబ సైన్సు మనిషి కూడా కాదు. బాచుపల్లిలో ఒక స్కూల్లో సోషల్ చెప్పేది, అందులో భూగోళం అంటే ప్రాణం. ఎనిమిదో తరగతి వాళ్ళని బస్సులో కొత్తగూడ వైపు తీసుకొచ్చి, బొటానికల్ గార్డెన్ లోపల బండల దగ్గర నిలబెట్టి, చెయ్యి పెట్టండిరా అనేది, ఇది మీ తాతకి తాత కాదు, మనిషి అన్నవాడు పుట్టకముందు నుంచీ ఉన్న రాయి, చెయ్యి పెట్టి చూడండి. పిల్లలు పెట్టేవాళ్ళు. కొందరు చెంప ఆనించేవాళ్ళు. ఎండకి కాలి ఉండేది రాయి, అబ్బా అని వెనక్కి తీసేవాళ్ళు, అయినా మళ్ళీ పెట్టేవాళ్ళు, ఎందుకంటే మేడమ్ చెప్పింది కాబట్టి. మేడమ్ చెప్పింది. ఆ మాట తట్టగానే ఆమె కుర్చీలో జరిగి కూర్చుంది. కరోనాలో ఆ స్కూలు సగం మంది టీచర్లని తీసేసింది, తీసేసేటప్పుడు కూడా ప్రిన్సిపాల్ మీరు మా కుటుంబం అన్నాడు. ఆ తర్వాత ఇక్కడ ఉద్యోగం దొరికింది. మొదట్లో జవాబులు తనే రాసేది, రుతుపవనాల మీద తను రాసిన జవాబు చదివి ఎవరో పిల్లవాడు ఇప్పుడర్థమైంది మేడమ్ అని పంపితే, ఆ రోజు క్యాంటీన్లో అందరికీ చూపించింది కూడా. తర్వాత మిషన్ వచ్చింది, అడగ్గానే తనే జవాబు రాసే కంప్యూటర్ ప్రోగ్రాం. అది క్షణంలో రాసేస్తుంది, తప్పులున్నా తడబడదు, తను చెయ్యాల్సిందల్లా చదివి పచ్చ గుర్తో ఎర్ర గుర్తో నొక్కడం. సైన్సు కూడా మీరే చూడండి మేడమ్, స్కూల్ లెవెలే కదా, అన్నాడు వెంకట్. స్కూల్ లెవెలే. ఈ భవనంలో ఎవరు ఎవర్ని చిన్నచూపు చూడాలన్నా ఈ మాటే వాడతారు.

అద్దానికి అవతల లింగమూర్తి ఫోన్ తీశాడు. చూస్తున్నాడు. మళ్ళీ తలెత్తి ఇటు చూశాడు, ఆమె చప్పున కిటికీ వైపు తిరిగింది. బయట క్రేన్ ఒకటి ఆకాశంలో ఏదో బరువుని పట్టుకుని నిలబడి ఉంది, దించడం లేదు, ఎత్తడం లేదు. నన్నెందుకు చూస్తాడు, నేనెవరో అతనికి తెలియదు, అనుకుంది, అనుకుంటూ ఉండగానే అది అబద్ధమని తెలిసిపోయింది. తెలియకపోవడమేమిటి. ఆ యాప్‌లో ఏ జవాబు తెరిచినా పక్కన గుండ్రంగా తన ఫొటో ఉంటుంది, కింద అక్షరాలు, భ్రమరాంబ మేడమ్ సరిచూసిన జవాబు అని. ఆ ఫొటో కోసం గద్వాల చీర కొనుక్కుంది, ఆవనూనె రంగుకి మెరూన్ అంచు. ఫొటో తీసే కుర్రాడు కొంచెం నవ్వండి మేడమ్, పిల్లలకి నమ్మకం కలగాలి అంటే, పలకరింపుకి ఎంత నవ్వుతామో అంత నవ్వింది. అది మెట్రో స్తంభం మీద కూడా వేశారు కొన్నాళ్ళు. భర్త రంగనాథ్ దాన్ని ఫొటో తీసి అమలాపురంలో ఉన్న చుట్టాలందరికీ పంపించాడు, మా ఆవిడ హైదరాబాదంతా కనబడుతోంది అని. ఆడపడుచు ఫోన్ చేసి ఎంత బాగున్నావు వదినా అంది. ఆమె ఆ స్తంభం పక్కనుంచి పోయే రోజుల్లో ఆటోలో అటు వైపే కూర్చునేది. ఎందుకు దాచుకోవాలి, బాగుండేది. ఇన్నేళ్ళు సుద్దముక్క పొడిలో ఉన్న మనిషికి బాగుండదా.

ఆ సున్నం జవాబు తను ఒప్పుకోలేదు. అది మాత్రం నిజం, ఆ నిజాన్ని పొద్దుటినుంచీ చలిలో చేతులు రుద్దుకున్నట్టు రుద్దుకుంటూనే ఉంది. ఎర్ర గుర్తు నొక్కింది, కింద రాసింది కూడా, కళ్ళు పోతాయి, చేసి చూడమన్న భాగం తీసెయ్యండి అని. చిన్నప్పుడు వాళ్ళ వీధిలో సున్నం తడిపే రోజున పిల్లల్ని ఇంట్లోంచి బయటికి రానిచ్చేవాళ్ళు కాదు, సైన్సు చదవక్కర్లేదు అది తెలియడానికి. కొన్నాళ్ళకి మళ్ళీ చూస్తే జవాబు అక్కడే ఉంది, పక్కన తన ముఖం నవ్వుతూ ఉంది. వెంకట్ దగ్గరికి వెళ్ళి చెప్పింది. వెంకట్ తెర మీద నుంచి కళ్ళు తియ్యకుండానే, "చేసి చూడండి అని ఉన్నవాటికి లైకులు బాగా వస్తున్నాయి మేడమ్, పిల్లలు ఎక్కువసేపు ఉంటున్నారు. ఓ వార్నింగ్ లైన్ పెట్టిద్దాంలే," అన్నాడు. ఆమె ఇంకోసారి అనబోయింది, అతనికి ఏదో కాల్ వచ్చింది, చెయ్యెత్తి ఒక్క నిమిషం అన్నాడు. ఆ ఒక్క నిమిషం ఆమె నిలబడింది. తర్వాత భోజనానికి వెళ్ళింది. ఆ రోజు డబ్బాలో దోసకాయ పప్పు. ఇంత పనికిరాని సంగతి ఇంత స్పష్టంగా గుర్తుండటం చూస్తే తన బుర్ర మీద తనకే అసహ్యం వేసింది. రాత్రి రంగనాథ్‌కి చెప్తే, నీ ఎర్ర గుర్తు నువ్వు నొక్కావు కదా, నీ బాధ్యత అయిపోయింది, అన్నాడు. ప్రభుత్వాఫీసు మనిషి. ఫైలు తన బల్ల దాటిందంటే ఇక అది ప్రపంచంలో లేనట్టే. ఆమెకి ఆ మాట హాయిగా ఉండింది, అదీ అసలు సంగతి, హాయిగా నిద్ర పట్టింది.

తలుపు తెరుచుకుంది. వెంకట్ కాదు. లింగమూర్తి లోపలికి వచ్చి, రిసెప్షన్ అమ్మాయి సార్ సార్ అంటున్నా వినకుండా తలుపు వేశాడు. కూర్చోలేదు. ఫోన్ తెర ఆమె వైపు తిప్పి బల్ల మీద పెట్టాడు. గద్వాల చీర, నవ్వు.

"గీమె మీరే గదా."

"నేనేనండి."

"ఎప్పటిసంది సూస్తున్న. నన్ను సూసి మొఖం తిప్పుకుంటున్నరు."

భ్రమరాంబ లేచి నిలబడింది. నిలబడ్డాక ఏం చెయ్యాలో తెలియలేదు. "కూర్చోండి లింగమూర్తి గారూ."

"నేను కూసుండనీకి రాలే. పొద్దుగాల వచ్చిన, ఇగ వస్తరు అగ వస్తరు అని గీడ కూసోబెట్టిన్రు. ఎవరిని ఏం అడగాల్నో నాకు తెల్వదు. ఇంగ్లీషుల మాట్లాడుతున్నరు. మీ ఒక్కల మొఖమే ఎరుక నాకు."

అతని వేళ్ళ సందుల్లో నలుపు దిగిపోయి ఉంది, ఏ సబ్బుకీ పోని నలుపు. ఆమె వాటిని చూస్తూ, ఎక్కడో ఒక చోట చూపు పెట్టాలి కాబట్టి చూస్తూ, వకీలు మాటలు ఇంకా రాలేదన్న సంగతి గుర్తు తెచ్చుకుంది. వాటి కోసం ఎదురు చూసే హక్కు తనకుంది. పాప ఎలా ఉందండి అని అడగొచ్చు, అది ఎవరూ వద్దనలేదు. కాని అలా అడిగితే ఈ మనిషి తన మీద చెయ్యి చేసుకుంటాడేమో అనిపించింది, చేసుకుంటే బాగుండుననీ అనిపించింది, అప్పుడు తప్పు ఎవరిదన్న లెక్క మారిపోతుంది, తను ఏడవొచ్చు, సెక్యూరిటీ వస్తుంది, అతన్ని కిందికి తీసుకుపోతారు. ఇంత నీచమైన ఆలోచన ఇంత త్వరగా ఎలా వచ్చిందో ఆమెకి తెలియలేదు.

"పాప..." అంది.

"పాప మంచిగనే మాట్లాడుతున్నది. నిన్న ఏమన్నదో చెప్పనా? నేను దవాఖానల మంచం పక్కన కూసోని మిమ్ములను తిడుతుంటే, తిట్టకు బాపూ అన్నది. మేడమ్ తప్పు చెప్పదు, నేనే నీళ్ళు ఎక్కువ పోసినట్టున్న, నేనే సరిగ సదువలే, అన్నది. కంటికి కట్టు కట్టుకోని గా మాట అంటున్నది." అతను ఫోన్ తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. "గందుకే వచ్చిన. నా బిడ్డ తప్పుంటే నా ముంగట చెప్పున్రి, పోత. లేదంటె ఎవరిదో చెప్పున్రి."

పిల్ల తప్పుగా అర్థం చేసుకుంది. బెంగుళూరు నుంచి ఇంకా రాని వాక్యాన్ని ఆ పిల్ల ఆసుపత్రిలో తనంతట తనే చెప్పేసుకుంది. ఇక భ్రమరాంబ చెయ్యాల్సిందల్లా అవునండి అనడం. వకీలు కూడా అక్కర్లేదు. అవునండి, కొంచెం నీళ్ళు ఎక్కువైనట్టున్నాయి, పాపం. అంటే అతను నిజంగానే వెళ్ళిపోయేట్టున్నాడు, అతని కళ్ళలో కనబడుతోంది, పోయి మంచం పక్కన కూర్చుని ఆ పిల్లని తిట్టినా తిడతాడు. ఆ పిల్ల పెద్దదవుతుంది, ఏ పనిలోనైనా సీసా పగిలినా పాలు పొంగినా నేనే సరిగా చదవలేదు అనుకుంటుంది. భ్రమరాంబకి చలి పోయింది. మెడ మీద చెమట పట్టింది. వెంకట్ మీద, రంగనాథ్ మీద, మెట్రో స్తంభం మీద, ఈ అద్దాల మీద, తన డబ్బాలో దోసకాయ పప్పు మీద, అన్నిటి మీదా కలిపి లేచిన కోపం చివరికి నోట్లోకి వచ్చేసరికి చాలా మామూలు గొంతుతో వచ్చింది.

"పాప తప్పు ఏమీ లేదండి. జవాబులో ఎలా ఉందో అలాగే చేసింది. జవాబే తప్పు. అది మిషన్ రాసింది. నేను చదివాను, ప్రమాదమని రాసి తిప్పి పంపాను. వీళ్ళు తియ్యలేదు. తియ్యలేదని నాకు తెలుసు."

 లింగమూర్తి నోట మీరు పోయి నువ్వు వచ్చింది.

"తెలుసా నీకు."

"తెలుసు."

"తెలిసి ఏం చేసినవ్?"

"పై వాళ్ళకి చెప్పాను. ఒక్కసారి."

"నా ఫొటో తీసెయ్యున్రి అని అడిగినవా? గా ఫొటో లేకుంటె నా బిడ్డ నమ్మకపోవు."

"అడగలేదు."

"ఎందుకు?"

ఎందుకు అనే ప్రశ్నకి ఆమె జీవితమంతా జవాబులు చెప్పింది. కారణాలు వరసగా, ముఖ్యమైనది ముందు. "బాగుండేదండి," అంది. "అందరూ చూస్తుంటే బాగుండేది."

అతను ఆమెను కొట్టలేదు, అరవలేదు. ఏదో రుచి చూసి ఉమ్మబోయి ఆగినవాడిలా ముఖం పెట్టాడు. అప్పుడే వెంకట్ ఫోన్ చేత్తో పట్టుకుని వచ్చాడు, నవ్వు ముందే సిద్ధం చేసుకుని. అద్దం తలుపు నెట్టి, ఇద్దర్నీ చూసి, నవ్వు అలాగే ఉంచి, "మేడమ్, మెసేజ్ వచ్చింది, ఒక్క నిమిషం బయటికి వస్తారా," అన్నాడు.

"ఇక్కడే చదవండి వెంకట్."

"మేడమ్."

"అక్కర్లేదులెండి. పాప తప్పు లేదని ఆయనతో చెప్పేశాను. నేను వద్దన్నదీ చెప్పాను, మీరు లైకులన్నదీ ఇప్పుడు చెప్తాను." ఆమె లింగమూర్తి వైపు తిరిగింది. "ఈయన పేరు వెంకట్. ఆ జవాబుని పిల్లలు బాగా చూస్తున్నారని తియ్యనివ్వలేదు. ఆ సంగతి ఈయనకి నేనే ఎదురుగా నిలబడి చెప్పాను, తెలియలేదనడానికి లేదు."

వెంకట్ ముఖంలో రంగు మారింది. తలుపు పూర్తిగా వేసి, గొంతు తగ్గించి, "ఏం మాట్లాడుతున్నారో తెలుస్తోందా మేడమ్? యాప్‌లో పేరు మీది, ఫొటో మీది. కేసంటూ అయితే ముందు మీ మీదే అవుతుంది. నేను మీ మంచికే చెప్తున్నా," అన్నాడు. అది మంచికి చెప్పిన మాట కాదు గానీ అబద్ధం కూడా కాదు. ఆమె అదివరకు ఆ వైపు ఆలోచించలేదు. ఇప్పుడు ఆలోచిస్తే రంగనాథ్ ముఖం, ఆడపడుచు ఫోన్, చుట్టాలు, అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చాయి, వచ్చి ఎదురుగా నిలబడ్డాయి. వాటిలో ఏ ఒక్కటీ ఆ కంటి కట్టుకి సాటి రాలేదు. సాటి రాకపోవడం ఆమెకి ఊరటగా ఏమీ లేదు, ఇంకా కోపంగానే ఉంది.

"పోలీస్ స్టేషనుకు పోత అంటున్న నేను," అన్నాడు లింగమూర్తి, ఎవరి వైపూ చూడకుండా. "మీతోని మాటలు నా వల్ల గాదు. ఆడ చెప్తవా గీ ముచ్చట?"

"చెప్తానండి."

"నీ పేరు గూడ రాపిస్త."

"రాయించండి."

ఆమె తన సీటుకి వెళ్ళలేదు. బ్యాగు అక్కడే ఉంది, డబ్బా అక్కడే ఉంది, ఉండనీ. ఫోనూ మెడలో కార్డూ మాత్రమే ఉన్నాయి, కార్డు తీసి రిసెప్షన్ బల్ల మీద పెడితే ఆ అమ్మాయి, "మ్యామ్, ఇది లేకపోతే మళ్ళీ లోపలికి రాలేరు," అంది, నిజంగా కంగారు పడుతూ. లిఫ్టులో అతనూ ఆమే ఉన్నారు. చుట్టూ అద్దాలే, అయినా ఆమె కంట పడకుండా అతను తల వంచుకుని, వీపు తిప్పి నిలబడ్డాడు. కృతజ్ఞత చెప్తాడని ఆమె ఎదురు చూడలేదు, కాని ఒక మామూలు మాట, ఎండ ఎక్కువుంది అనో, ఎటు పోవాలో అనో, అలాంటిదేదైనా అంటాడని మాత్రం లోలోపల ఎక్కడో ఎదురు చూసింది, చూస్తున్నందుకు తనని తను తిట్టుకుంది. కింద విజిటర్ల బళ్ళు పెట్టే చోట అతను తన స్కూటర్ తీశాడు. ఆమె అలవాటుగా చీర సర్దుకుని వెనక సీటు వైపు అడుగు వేసింది.

"నా బండి మీద వద్దు," అన్నాడు. "ఆటో మాట్లాడుకోని రా. నా ఎనకనే రావాలె."

సరేనంది. రోడ్డు మీద ఆటో ఆపి, ఎక్కడికమ్మా అంటే, ఆ నీలం చొక్కా స్కూటర్ వెనకాలే పోనివ్వు బాబూ, అంది. ఆటో అబ్బాయి అద్దంలోంచి ఆమెను ఒకసారి చూసి ఏమీ అడగకుండా తిప్పాడు. సైబర్ టవర్స్ వైపు ట్రాఫిక్ ముద్దకట్టి ఉంది. కార్లు, కంపెనీ బస్సులు, డెలివరీ బళ్ళు, అందరూ అందరి మీదా హారన్ కొడుతున్నారు. మధ్యలో ఆ నీలం చొక్కా ఒకసారి బస్సు వెనక్కి పోయి కనబడకుండా పోయింది, భ్రమరాంబ ఆటో కడ్డీ పట్టుకుని బయటికి వంగింది, అటు అటు, కుడిపక్కకి పోనివ్వు, అంది. సిగ్నల్ దగ్గర మళ్ళీ కనబడింది. లింగమూర్తి స్కూటర్ మీద ఒక కాలు నేలకి ఆనించి, వెనక్కి తిరిగి, వరసగా ఆగిన బళ్ళలో వెతుకుతున్నాడు. ఆమె పారిపోయిందేమో అని చూస్తున్నాడు. ఆమె ఆటోలోంచి చెయ్యి బయటికి పెట్టి, అతనికి కనబడేలా పైకెత్తి ఉంచింది.